చేపకు దారి అడిగినవాళ్లు

గిరిజనులకు ప్రభుత్వం ఎంత మేలు చేసిందో చెప్పే పుస్తకాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఈ పుస్తకం ఆ కోవలోది కాదు. అందుకే ఈ నాలుగు మాటలు ఇష్టంగా రాస్తున్నాను.

అమెరికా వాయవ్య తీరంలో సాల్మన్ చేప ఎలా తగ్గిపోయింది, దాన్ని తిరిగి రప్పించడానికి అక్కడి ఆదివాసీ తెగలూ ప్రభుత్వాలూ ఎలా ఒక్కచోట కూర్చున్నాయి అన్నది ఇందులోని కథ. 1854, 55లలో వాషింగ్టన్ ప్రాంతపు తెగలు ఒప్పందాల మీద సంతకాలు పెట్టి తమ నేలలో చాలా భాగం వదులుకున్నాయి. తాతల నాటి రేవుల్లో చేప పట్టుకునే హక్కును మాత్రం వదులుకోలేదు. వందేళ్లు తిరిగేసరికి ఆ హక్కు వాడుకోవడమే నేరమైంది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను మొదటిసారి అరెస్టు చేసినప్పుడు ఆయన వయసు 14 ఏళ్లు. ఆ తర్వాత మరెన్నిసార్లో! మొత్తం 50కి పైనే అంటారు. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పాడు: పట్టదగిన చేపల్లో సగం వాటా తెగలది. 1979లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పు వైపే నిలిచింది. అప్పటినుంచి ఏ నదిలో ఎన్ని చేపల్ని గుడ్లు పెట్టడానికి వదిలేయాలో, మిగతావాటిలో ఎవరెన్ని పట్టాలో వాషింగ్టన్ రాష్ట్రం, తెగలు కలిసే తేలుస్తున్నాయి. సహకారం అని మనం తేలిగ్గా అనేస్తున్నది అలా జైళ్ల మీదుగా, కోర్టుల మీదుగా వచ్చింది. ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఆ సంగతిని ఏ పేజీలోనూ మరవలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది తూముల అధ్యాయం. సాల్మన్ చల్లని వాగుల్లో, గులకరాళ్ల మధ్య పుడుతుంది. సముద్రంలో పెరిగి, వాసన పట్టి పుట్టిన వాగుకే తిరిగొచ్చి, గుడ్లు పెట్టి చనిపోతుంది. దాని దారికి అడ్డం పడేవి పెద్ద ఆనకట్టలేనని నేనూ అనుకునేవాణ్ణి. రోడ్డు కింద ఇంజనీర్లు వేసిన చిన్న గొట్టపు తూము చాలట! దాని మూతి వాగు మట్టం కన్నా ఎత్తున ఉంటే చేప అక్కడే ఆగిపోతుంది. చేప ఎక్కలేని తూములు కడితే ఒప్పందాన్ని మీరినట్టే అని తెగలు 2001లో కోర్టుకెక్కాయి. 2018లో సుప్రీంకోర్టు జడ్జీలు చెరి నలుగురుగా చీలడంతో తెగలు గెలిచిన కింది తీర్పే నిలిచింది. ఇప్పుడు రాష్ట్రం వందలాది తూముల్ని తిరగకడుతోంది.

పెద్ద ఆనకట్టల సంగతీ ఇందులో ఉంది. ఎల్వా నది మీది రెండు ఆనకట్టల్ని 2011, 2014 మధ్య తీసేశారు. వాటి నీళ్ల అడుగున మునిగిపోయిన క్లాలం తెగ పుట్టుక స్థలం మళ్లీ బయటపడింది. 2002లో క్లామత్ నదిలో 30 వేలకు పైగా చేపలు చచ్చి తేలాయి. అక్కడి ఆనకట్టల్ని తీసేయాలని అప్పటినుంచి యూరోక్, కరుక్ తెగలు పట్టు వదలలేదు. 2024లో అక్కడ నాలుగో ఆనకట్ట కూడా పోయింది, ఆ శరదృతువులోనే సాల్మన్ ఒరెగాన్ దాకా ఎక్కింది. ఇంతటితో గెలిచేశామని రచయిత్రి అనలేదు. చాలా నదుల్లో చేప ఇంకా తగ్గుతూనే ఉంది, నీళ్లూ వేడెక్కుతున్నాయి.

ఒక్క కొరత చెప్పాలి. హేచరీల్లో పెంచి వదిలిన చేపలు అడవి చేపల వంశాన్ని బలహీనపరుస్తాయా అన్న వాదాన్ని రెండు పేజీల్లో ముగించింది. తెగలకే హేచరీలు ఉన్నప్పుడు అది చిక్కు ప్రశ్న. ఇంకా లోతుగా చూడాల్సింది.

వరద గోదారిలో పులస ధవళేశ్వరం దాకా ఎదురీది వచ్చి ఆనకట్ట దగ్గర ఆగిపోవడం మనం ఎరిగిందే. దాని విషయంలో మనం ఎప్పుడూ ధర గురించే మాట్లాడుకుంటాం. రచయిత్రి తన తర్వాతి పుస్తకం గోదావరి మీదే అంటోంది. పల్లెకారుల పడవల్లో ఓ వానాకాలమంతా తిరిగి, కోయ, కొండరెడ్ల ఊళ్లలో కూర్చుని వాళ్లు చెప్పింది విన్నాకే రాయమని చెప్పాను. సరేనంది. ఆమెకు నా ఆశీస్సులు.