అమ్మకంలోనే కనబడిన బిడ్డలు

దేవరకొండ పేరు దేశమంతా వినబడింది 1999లో, మళ్లీ 2001లో. తండాల ఆడపిల్లలు దత్తత పేరుతో చేతులు మారి హైదరాబాదుకు, అక్కడి నుంచి విదేశాలకు పోతున్నారని పత్రికలు రాశాయి. దళారులు అరెస్టయ్యారు. దొరికిన బిడ్డలను యూసుఫ్‌గూడ శిశువిహార్‌కు చేర్చారు. మా తల్లులకు మాత్రం బిడ్డలను అమ్ముకునేవాళ్లన్న పేరు మిగిలింది.

మా తప్పును మేం దాచం. ఒకప్పుడు పెండ్లికొడుకు వైపువాళ్లే ఓలి ఇచ్చే ఆచారం మాది. దాన్ని వదిలి కట్నం నేర్చుకున్నాం, ఆడపిల్లను బరువు చేసుకున్నాం. కానీ మా ప్రశ్న ప్రభుత్వానికి కూడా ఉంది. తల్లి ఒడి నుంచి దూరమైన బిడ్డకు పట్నంలో ఆయా, పాలు, వైద్యం ఏర్పాటు చేయగలిగిన సర్కారు, ఆ బిడ్డ తండాలో ఉన్నప్పుడు ఏం ఏర్పాటు చేసింది?

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. కానీ అది బిడ్డల్ని చూసేముందు తలకాయల్ని లెక్కపెడుతుంది. 2007 నాటి నిబంధన ప్రకారం గిరిజన ప్రాంతంలో 300 మంది జనాభా ఉంటే కేంద్రం, 150 ఉంటే మినీ కేంద్రం. నల్లమలలో ఇరవై ఇండ్ల చెంచుపెంట ఏ లెక్కలోకి వస్తుంది? ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న చెప్పింది. ఆ మాట విన్న తండాలు ఎన్ని?

కేంద్రం ఉన్నచోట ఇంకో చిక్కు. 2015 జనవరిలో వచ్చిన ఆరోగ్యలక్ష్మి గర్భిణికి, బాలింతకు ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తుంది. మంచి పథకం. కాకపోతే మధ్యాహ్నం కేంద్రానికి వచ్చి తినాలి. ఆ వేళకు మా తల్లి పత్తి చేనులో ఉంటుంది. చంటిబిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. దాన్ని కలిపి, పూటపూటకు తినిపించే మనిషి పొద్దంతా ఇంట్లో లేదు. ముసలవ్వ ఉంటే అవ్వ, లేకుంటే ఏడేళ్ల అక్క. బిడ్డను ఎత్తుకున్న ఆ అక్క బడి మానేస్తుంది.

పాలమూరు నుంచి పుణె, ముంబైకి పనికిపోయే కుటుంబాల గోస వేరే. పేరు తండా రిజిస్టరులో, బిడ్డ ఇసుక కుప్ప మీద.

కేంద్రానికి వచ్చే పిల్లలకు భాష అడ్డం. ఇంట్లో యాడి అని పిలిచి, పాణి అడిగిన బిడ్డకు టీచరు మాట అర్థం కాదు. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మొద్దు అని పేరు పెడతారు. మొద్దుతనం ఎవరిదో టీచర్లు ఆలోచించాలి.

పసితనం మీద పెట్టిన రూపాయి పదింతలై తిరిగొస్తుందని అర్థశాస్త్రవేత్తలు చెబుతారు. ఆ మాటను మెచ్చుకునే పాలకులే 2015-16 కేంద్ర బడ్జెట్లో ఈ పథకం కేటాయింపును మొదట సగానికి పైగా కోశారు. 2023లో మన రాష్ట్ర అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు జీతం కోసం సమ్మె చేయాల్సి వచ్చింది. రాజ్యాంగం కూడా 2002 సవరణలో ఆరేళ్లు దాటిన పిల్లలకే చదువును హక్కుగా ఇచ్చి, ఆరేళ్లలోపు వాళ్లను ప్రయత్నిస్తామన్న ఆదేశిక సూత్రంలో వదిలేసింది.

కాబట్టి మేం అడిగేది కొత్త ప్యాకెట్టు కాదు, తల్లి పనికి పోయినంత సేపు బిడ్డను చూసే మనిషిని. ఆ మనిషి మా భాష తెలిసిన తండా ఆడబిడ్డ కావాలి, ఆమెకు బతకగలిగే జీతం కావాలి. పెంటకు తలల లెక్క అడ్డం రాకూడదు.

2018 నుంచి మన తండాలు ఎన్నో గ్రామపంచాయతీలు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, టీచర్లు ఒక ఆదివారం కూర్చుని ఆరేళ్లలోపు పిల్లల పేర్లు రాయండి. ఎవరి యాడి ఎన్నింటికి పనికి పోతుందో, ఎన్నింటికి వస్తుందో పక్కన రాయండి. ఆ కాగితాన్ని గ్రామసభ తీర్మానంగా పంపండి. ఈసారి మన బిడ్డలు పోలీసు రికార్డులో కాదు, మనం రాసిన జాబితాలో కనబడాలి.