దడి గీసిన చేయి, పేరు పెట్టిన చేయి

జపాన్ ప్రభుత్వం జాతీయ సంపదగా గుర్తించిన టీ గిన్నెలు ఎనిమిది. ఐదు చైనావి, ఒకటి కొరియాది. జపాన్‌లో చేసినవి రెండే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక వస్తువుకి అర్థం చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న వస్తుంది. ఆదివాసీ రచయితలకి ఇదేమీ దూరపు సంగతి కాదు.

మొదటిది టోక్యోలోని మిత్సుయి స్మారక మ్యూజియంలో ఉన్న 'ఉనోహనగాకి'. సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట మినో ప్రాంతంలో, అంటే ఇప్పటి గిఫులో, చేసిన షినో గిన్నె. రెండు అరచేతుల్లో ఇముడుతుంది. అంచు కొండదారిలా ఎగుడుదిగుడు. ఇనుపమన్నుతో అడ్డంగా, నిలువుగా కొన్ని గీతలు గీసి, పైన ఫెల్డ్‌స్పార్ రాతిపొడి పూత దట్టంగా పట్టించి ఎక్కువ వేడిలో కాల్చారు. పూత మీగడలా తెల్లబడి సన్నటి చిల్లులు పడింది. పలచబడిన చోట ఎర్రటి నిప్పు రంగు తేలింది. ఆ తెలుపు కిందనుంచి గీతలు మసకగా కనిపిస్తాయి. ఉనోహన అంటే వేసవి మొదట్లో పూసే తెల్లపూలు. పేరుకి అర్థం 'తెల్లపూల దడి'. పెట్టె మూతమీద ఆ పూల గురించిన పద్యం ఉంది. పదిహేడో శతాబ్దపు ప్రభువు, టీ గురువు కతగిరి సెకిషు రాశాడని చెబుతారు.

పేరు బాగుంది, కాదనను. విన్నాక పూత పూలగుత్తిలా, గీతలు దడిలా కనిపించక మానవు. పల్లె పేదరికంలో అందం చూడడం టీ గురువుల దృష్టి. దాన్ని 'వబి' అన్నారు. అయితే దడి మేడలో ఉన్నవాడికి ఒకలా, మేకలు చేను తినేస్తాయని కట్టుకునేవాడికి ఇంకోలా కనిపిస్తుంది. గీసినవాడు ఏ దడిని తలుచుకున్నాడో, అసలు దడినే గీశాడో లేదో చెప్పే కాగితం లేదు. అతని పేరూ లేదు. సవరల ఇంటిగోడ బొమ్మకి పట్నంలో ఫ్రేము కట్టి కింద 'ప్రకృతితో మమేకం' అని రాస్తే జరిగేదీ ఇదే. అది ఏ పితరుల కోసం, ఏ దేవత కోసం వేశారో ఇంటివాళ్లకి తెలుసు. వాళ్లనైతే అడగొచ్చు.

రెండో గిన్నె హొన్నామి కొయెత్సు చేసిన 'ఫుజిసాన్'. తక్కువ వేడిలో కాల్చే రాకు రకం. పైన తెలుపు, కింద బూడిద నలుపు, మంచు కప్పిన కొండలా. కొయెత్సు క్యోటోలో కత్తుల నాణ్యం చూసే పెద్ద కుటుంబంవాడు, గొప్ప లిపికారుడు. పెట్టెమీద పేరు తనే రాసుకున్నాడు. అందుకే ఆ ప్రతీక ఎవరిదన్న తగువే లేదు.

కరత్సు గిన్నెల సంగతి ఇంకా బరువైనది. 1592–98 మధ్య హిదెయోషి సైన్యాలు కొరియా మీద దండెత్తి అక్కడి కుమ్మరుల్ని పట్టుకొచ్చాయి. క్యూషూ ఆవాలు విస్తరించింది వాళ్ల చేతులతోనే. ఆ గిన్నెలమీద ఇనుపరంగు గడ్డిపోచల్ని చూసి 'ప్రశాంతత' అని మురిసే విమర్శకుడు ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తే, అది సగం చదువే.

షినోకి మనిషి పేరే కాదు, ఊరి పేరూ పోయింది. ఇవి సెతోలో చేసినవని చాలాకాలం అనుకున్నారు. 1930లో అరకవ తొయొజో అనే కుమ్మరి మినోలోని ఒగయ దగ్గర పాత ఆవం చోట వెదురుమొలక బొమ్మ ఉన్న పెంకు ఏరాడు. నగోయాలో తాను చూసిన పాత గిన్నెమీదా అదే బొమ్మ. పెట్టెలూ పద్యాలూ చెప్పలేని చిరునామాని కుమ్మరులు పారేసిన పెంకు చెప్పింది. అరకవ 1933లో ఆ ఒగయలోనే ఆవం కట్టుకుని, ఆ మట్టితో షినోని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు.