మూలల్లో స్పీకర్లు

హోం థియేటర్ పెట్టెతో వచ్చే కాగితంలో సాధారణంగా ఒక పటం ఉంటుంది. గది నడుమ సోఫా, దాని చుట్టూ ఐదు స్పీకర్లు. ఆ గదికి తలుపులుండవు, గోడకానించిన మంచముండదు. ఆ పటం చూచి చాలమంది గ్రహించే సూత్రమొక్కటే: వెనుక స్పీకర్లను గది మూలల్లో, పైకప్పు క్రింద బిగించవలెనని. ఈ సూత్రం ఎంతవరకు శాస్త్రీయమో పరిశీలింతము.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు సిఫారసులో మూలల ప్రసక్తి లేదు, ఉన్నది కోణాలు. వినేవాని ఎదుటి దిశను సున్నగా తీసికొంటే, ముందరి కుడి ఎడమ స్పీకర్లు 30 డిగ్రీల వద్ద, ప్రక్క స్పీకర్లు 100 నుండి 120 డిగ్రీల మధ్య ఉండవలెను. అనగా భుజాలకు కొంచెం వెనుక. వీపు వెనుక కాదు.

ఇందుకు కారణం మన చెవులలోనే కలదు. ధ్వని రెండు చెవులను చేరుటలోని కాలభేదాన్ని, తీవ్రతాభేదాన్ని బట్టి దిక్కు తెలుస్తుందని లార్డ్ రేలీ 1907లో వివరించెను. అయితే ముందు 40 డిగ్రీల నుండి వచ్చిన ధ్వనికీ, వెనుక 140 డిగ్రీల నుండి వచ్చినదానికీ ఈ కాలభేదం దాదాపు సమానమే. చెవిదొప్ప ఆకారము, తల త్రిప్పుట కొంత సాయపడును. ఒక విద్యార్థి కళ్ళకు గంత కట్టి, తల కదపవద్దని చెప్పి, సరిగా ముక్కుకెదురుగా ఒకసారి, తల వెనుక ఒకసారి నాణేలు తట్టి చూడండి. ముందు వెనుకలు తారుమారగుట తరగతికి మంచి వినోదము.

ఇక లెక్క చూతము. గోదావరికి ఈవల, సారపాకలో 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవుగల గది ఉన్నదనుకొందము. పటంలోవలె నడుమ కూర్చుంటే వెనుక మూలలు సుమారు 141 డిగ్రీల వద్ద పడును. ఇది చిక్కు చోటు. మంచం వెనుక గోడకు చేర్చి, తల గోడకు అర మీటరు దూరంలో ఉంటే అవే మూలలు 104 డిగ్రీలగును! కనుక మూల తప్పుకాదు, కూర్చున్న చోటు చూడక మూలను సూత్రముగా పట్టుకొనుట తప్పు.

అసలు చిక్కు మంచం చివర కూర్చున్న నాయనమ్మది. ఆమెకు ఒక ప్రక్క స్పీకరు 1 మీటరు, రెండవది 3 మీటర్లు. గోడల ప్రతిధ్వనిని విడిచిపెడితే, దగ్గరిది సుమారు 9.5 డెసిబెళ్ళు హెచ్చుగా వినబడును. మాటలు ఎక్కువగా టీవీ వద్దనున్న నడుమ స్పీకరునుండి వచ్చును. చెవి ప్రక్కన జనఘోష, వర్షం వాటిని కప్పివేయును. శబ్దం మొత్తంగా పెంచితే రెండూ కలిసే పెరుగును గనుక ప్రయోజనం లేదు. ఆ స్పీకర్లను చెవికంటె 1 మీటరు ఎత్తున బిగిస్తే భేదం 7 డెసిబెళ్ళకు తగ్గును. అంతకుమించి పైకప్పు దాకా పోవుట అనవసరం. 2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’ వంటి డాల్బీ అట్మాస్ చిత్రాలలో పైనుండి వినిపించవలసిన శబ్దాలకు వేరే స్పీకర్లు కావలెను. ప్రక్క వాటిని పైకెత్తుట అందుకు బదులు కాదు.

ఇంత వీలులేని గదిలో ముందరివి మాత్రమే ఉంచి, యంత్రానికి ఆ సంగతి తెలుపుట మేలని నా అభిప్రాయం. అప్పుడది వెనుక శబ్దాలను ముందరి వాటిలో కలుపును. ఐదూ ఉంచదలచినవారు టేపుతో దూరాలు కొలిచి యంత్రంలో నమోదు చేస్తే, దగ్గరి స్పీకరును అది మీటరుకు సుమారు 3 మిల్లీ సెకన్ల చొప్పున ఆలస్యం చేయును. ఈ సవరణ ఒక్క కూర్చునే చోటికే సరిపడును. అది ఎవరి చోటో ఇంటివారే నిర్ణయించుకొనవలెను.