పట్టు మీద ఎండిన పెయింటు

బట్ట మీద ఎండిన గోడ పెయింటు ఒట్టి రంగు కాదు, పోగుల్ని కరుచుకున్న సన్నటి ప్లాస్టిక్ పొర. ఎమల్షన్‌లోని నీరు ఆవిరయ్యాక యాక్రిలిక్ వంటి పాలిమర్ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి; ఆపైన ఎన్ని నీళ్లు పోసినా కరగవు. తలుపులకు వేసే ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి పాతబడేకొద్దీ మరింత మొండిది.

ఏ రకమో తెలియనప్పుడు సర్జికల్ స్పిరిట్‌లో తడిపిన తెల్ల దూదిని మరక మీద అద్ది చూడాలి. రంగు దూదికి అంటితే ఎమల్షన్ అనుకోవచ్చు. అంటకపోతే ఎనామిల్ కావచ్చు, దానికి టర్పెంటైన్ వాడాలి. ఏది వాడినా ముందు నడుము దగ్గర లోపలికి దోపుకునే చివర ఒక చుక్క వేసి, చీర రంగు దిగుతుందేమో చూసుకోవడం తప్పనిసరి. గద్వాల చీరకైతే రెండు చోట్ల చూడాలి: దాని ఒళ్లు నూలు, అంచు పట్టు.

పైపొరను చెంచా అంచుతో మెల్లగా లేపాక, మరక కిందికి వచ్చేలా చీరను తెల్లటి నూలుగుడ్డ మీద బోర్లించాలి. వెనకనుంచి స్పిరిట్ దూదితో, అంచుల నుంచి మధ్యకు అద్దుతూ పోతే పెయింటు కింది గుడ్డలోకి దిగుతుంది. గుడ్డను తరచూ జరపాలి, లేకపోతే దిగిన రంగే మళ్లీ ఎక్కుతుంది. ఈ పనంతా నానబెట్టి, ఆగి, మళ్లీ అద్దడమే. రుద్దడం మాత్రం పెద్ద పొరపాటు. తడిసిన పట్టుకు బలం తగ్గుతుంది. సన్నపోగులు చెదిరి తెల్లటి గీత పడితే అది ఇక పోదు. లేత మచ్చ మిగిలినా సరే, నేత చెడకుండా ఆపేయడమే మేలు.

క్లోరిన్ బ్లీచ్ పట్టునే కరిగించేస్తుంది. గోళ్లరంగు తీసే అసిటోన్ అసిటేట్ బట్టను కరిగిస్తుంది. చేత్తో బొమ్మలు వేసిన చీరల జోలికి ఇంట్లో వెళ్లకపోవడమే మంచిది, మరకతోపాటు బొమ్మ కూడా లేచిపోవచ్చు.

స్పిరిట్, టర్పెంటైన్ రెండూ మండేవే. పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీలు తెరిచి వాడాలి. చివర్లో కొద్దిపాటి షాంపూ కలిపిన చల్లటి నీళ్లతో జాడించి నీడన ఆరేయాలి. మరక పూర్తిగా పోయిందని తేలేదాకా ఇస్త్రీ పెట్టకూడదు. జరీ మీద పడ్డ ఎనామిల్‌ను నేరుగా డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలి, అది ఏ పెయింటో కూడా చెప్పి.