పాదాలు ఎక్కడ ఆనుతున్నాయి?

రెండున్నరేళ్ల పోరడు దొడ్డికి కూర్చోనంటే మన ఇళ్లలో మొదట వినపడే మాట ‘మొండోడు’. కూర్చోబెడితే లేస్తాడు. లేపి బట్టలు తొడిగిన కాసేపటికే తలుపు చాటుకు పోయి చెడ్డీలో కానిస్తాడు. ఆ తలుపు చాటు దగ్గరే పెద్దలు ఆగి ఆలోచించాలి. వస్తున్నట్టు వాడికి తెలుసు, ఆపుకోవడం తెలుసు, ఎవరూ చూడొద్దన్న సిగ్గు కూడా తెలుసు. నేర్వాల్సిందంతా దాదాపు నేర్చేశాడు. మనం చూపించిన చోటే వాడికి గిట్టలేదు.

వెనకటి నుంచి ఉన్న చోటు ఎలాంటిదో చూడండి. అమ్మమ్మో బాపమ్మో నేల మీద కాళ్లు చాపి, రెండు పాదాల నడుమ కాస్త సందు వదిలి, వాటి మీద బిడ్డను కూర్చోబెట్టి ‘స్స్...’ అంటుంది. బిడ్డ మోకాళ్లు నడుము కంటే పైకి లేస్తాయి, ఒంటికి వెచ్చటి ఆసరా దొరుకుతుంది. ఆ భంగిమలో పేగు చివరి వంపు సరళమై, ముక్కడం తేలికవుతుంది. బిడ్డ బరువెక్కాక ఈ పీఠం పోతుంది. ఆ తర్వాత తీసుకుపోయేది మరుగుదొడ్డికి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లోనూ ఇంటింటా కట్టుకున్న ఆ గదిలో తడి నేల, చీకటి, పెద్దల అడుగుల కొలతకు చేసిన బేసిన్. చిన్న కాళ్లు అంత ఎడం చాపితే పట్టు ఉండదు, కింద చూస్తే బొక్క. కమోడ్ అయితే కాళ్లు గాలిలో వేలాడతాయి. కాళ్లు ఆనకుండా ముక్కడం పెద్దవాళ్లకే కష్టం. భయపడ్డ పిల్లాడు బిగబడతాడు, బిగబట్టింది గట్టిపడుతుంది, గట్టిపడ్డది నొప్పి పెడుతుంది, మరునాడు ఇంకా బిగబడతాడు. పాలూ బిస్కెట్ల మీదే బతికే పిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ. ఇది మన దగ్గరి గారాబం తెచ్చిన రోగమనుకుంటే పొరపాటు. 1997లో అమెరికాలో టాబ్‌మన్ అనే వైద్యుడు 482 మంది పిల్లల్ని గమనిస్తే, నూటికి 22 మంది మూత్రానికి కూర్చుంటూనే దొడ్డికి మాత్రం కనీసం నెల పాటు మొరాయించారు.

‘మా కాలంలో ఏడాదికే అలవాటయ్యేది, డైపర్లు వచ్చి చెడగొట్టాయి’ అంటారు. ఇందులో సగం నిజం. తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ తల్లులు పుట్టిన కొన్ని వారాలకే మొదలుపెడితే, ఆరు నెలల లోపే పిల్లలు చాలావరకు పొడిగా ఉంటున్నారని 1977లో ఒక అధ్యయనం చెప్పింది. కానీ అక్కడ బిడ్డ ఎప్పుడూ ఒంటినంటే ఉంటుంది. ముక్కు ఎగబీల్చినా కాలు ముడిచినా పసిగట్టడం నేర్చింది తల్లి. మన కోరుట్లలో తల్లి ఒడిలో బీడీలు చుట్టే చాట ఉంటుంది. పక్కన కూర్చున్న అత్త ఒడిలోనూ చాటే. తండ్రి దుబాయిలోనో, సిరిసిల్లలో అయితే మరమగ్గాల సాంచాల దగ్గరో ఉంటాడు. ఆమె డైపర్ వేస్తే బద్ధకం అనడానికి నాకు నోరు రాదు. అలాగని ‘పెద్దయితే వాడే నేర్చుకుంటాడు’ అని ఊరకుండటమూ కుదరదు. పిల్లాడి సిద్ధతను బట్టి పోవాలన్న అమెరికా పిల్లల వైద్యుడు బ్రేజెల్టన్ 1962లో 1,170 మంది పిల్లల లెక్క చూపించాడు. పగటి అలవాటు సగటున 28.5 నెలలకు కుదిరింది. ఆయన కూడా ముందు చెప్పింది పిల్లాడికంటూ నేలకు ఆనే ఒక చిన్న కుర్చీ ఇమ్మనే.

ఆ కుర్చీ కూడా కొనాల్సిన పని లేదు. పెరట్లో వెలుతురున్న చోట కదలని రెండు ఇటుకలు, నడుమ పాత పేపరు చాలు. అన్నం తిన్న కాసేపటికి పేగు తనంతట తానే కదులుతుంది. అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, రాకపోతే లేపేయాలి. ‘మూడేళ్లకు అంగన్‌వాడీకి పంపాలి, రెండు దెబ్బలేస్తే గానీ దారికి రాడు’ అనేవాళ్లున్నారు. దెబ్బకు వాడు నేర్చేది బిగబట్టడమే. నెత్తురు పడుతున్నా, పొట్ట గట్టిగా ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే ఇటుకలు. ఇక పసిపిల్లల మలం ఏం చేస్తుందిలే అని పేపరు చుట్టి మోరీలో పడేయడం తప్పు, పెద్దల మలంలో ఉండే క్రిములే అందులోనూ ఉంటాయి. ఆ మలాన్ని మరుగుదొడ్డిలోనే వేయాలి. కాకపోతే తన ఒంట్లోది ఏదో కొట్టుకుపోతోందని గుండెలవిసేలా ఏడ్చే పిల్లలున్నారు. వాడు ఆటలో పడ్డాకే నీళ్లు గుమ్మరించండి.