కాలి ధమని – కాలువ పోలిక

మొవ్వ ప్రాంతపు బడులలో రక్తప్రసరణ పాఠం చెప్పే ఉపాధ్యాయునికి కాలువ పోలిక వెంటనే స్ఫురిస్తుంది. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి, దానికి బదులు 1957లో ప్రకాశం బరాజి వచ్చిన తరువాత కూడా, ఈ దిగువ డెల్టా బ్రతుకు కాలువ నీటి మీదనే ఆధారపడి ఉన్నది. కావున గుండె బరాజి, బృహద్ధమని ప్రధాన కాలువ, చిన్న ధమనులు పంట బోదెలు, కాలివ్రేళ్ళు శివారు పొలాలు అని చెబితే పిల్లలకు సులభంగా బోధపడుతుంది. కాలి ధమని మూసుకుపోతే ఆంజియోప్లాస్టీతో పూడిక తీస్తారనీ, గట్టు జారకుండా స్టెంటు అనే లోహపు జాలీని నిలుపుతారనీ కలిపితే పాఠం ముగిసినట్లే తోస్తుంది.

ఆరోగ్య విషయాల మీద వచ్చే వ్యాసాలలోనూ ఈ పోలిక తరచు కనిపిస్తుంది. ఇది ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ దారి తప్పిస్తుంది అన్నది పరిశీలించవలసిన విషయం. పూడిక తీయించుకున్న కాలువ వంటిదే తన కాలు అని నమ్మిన రోగి చుట్ట మానడు, నడవడు, మందు మధ్యలో విడిచిపెడతాడు. ఆ నమ్మకానికి మూల్యం ఒక్కొక్కప్పుడు కాలే.

ముందుగా పోలికలోని మేలును ఒప్పుకోవాలి. నీరు చాలనప్పుడు మొదట ఎండేది శివారు చేనే. కాలి ధమనుల గోడలలో కొవ్వు, సున్నం పేరుకొని దారి సన్నబడినప్పుడు కూడా దూరాన ఉన్న పిక్కలకు, పాదాలకు కొరత వస్తుంది. కొంతదూరం నడిచేసరికి పిక్క పట్టేస్తుంది. కొద్ది నిమిషాలు నిలబడితే నొప్పి తగ్గుతుంది. మళ్ళీ దాదాపు అంతే దూరంలో తిరిగి వస్తుంది. వ్యాధి ముదిరితే పడుకున్నా పాదం నొప్పి పెడుతుంది, పుండు మానదు, వ్రేళ్ళు నల్లబడతాయి. మధుమేహం ఉన్నవారికి నరాల స్పర్శ తగ్గడం వల్ల నొప్పి తెలియకపోవచ్చు. వట్టికాళ్ళతో బురదచేలో దిగే రైతుకు ఇది మరింత ప్రమాదం.

ఇక పోలిక తప్పే చోట్లు. కాలువ పైన తెరచి ఉంటుంది. నీరు వాలును బట్టి పారుతుంది. ధమని మూసి ఉన్న గొట్టం. అందులో రక్తం పీడనం వల్ల కదులుతుంది. సన్నని గొట్టాలలో ద్రవప్రవాహాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాయిజాయ్ 19వ శతాబ్దంలో కొలిచాడు. పీడనం, పొడవు మారనప్పుడు ప్రవాహం వ్యాసార్థపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని ఆయన సూత్రం. వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, 16వ వంతు అవుతుంది. శరీరంలో సన్నబడే భాగం పొట్టిదిగా ఉండడం వల్లనూ, దిగువ చిన్న నాళాలు వెడల్పై సర్దుకోవడం వల్లనూ లెక్క ఇంత సూటిగా ఉండదు. అందుకనే విశ్రాంతిగా ఉన్నప్పుడు వ్యాధి చాలాకాలం దాగి ఉంటుంది. నడకలో కండరాలు ఎక్కువ రక్తం కోరినప్పుడు బయటపడుతుంది.

పీడనమే ముఖ్యం గనుక పరీక్ష కూడా పీడనంతోనే చేస్తారు. చీలమండ వద్ద రక్తపు పోటును చేతి వద్ద పోటుతో భాగిస్తారు. చేతిలో 140, చీలమండలో 84 ఉంటే నిష్పత్తి 0.6. ఇది 0.9కి తక్కువైతే ధమనుల వ్యాధి ఉన్నదని భావిస్తారు. మధుమేహంలో ధమని గోడలు సున్నంతో గట్టిపడితే ఈ అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించవచ్చు. అట్టివారికి కాలి బొటనవ్రేలి పోటును చూస్తారు.

రెండవ లోపం ‘పూడిక తీత’ అనే మాటలో ఉన్నది. కాలువలో తీసిన మట్టి గట్టు మీద పడుతుంది. ఆంజియోప్లాస్టీలో సాధారణంగా ఏమీ బయటికి తీయరు. గజ్జ వద్ద ధమనిలోకి సన్నని తీగను, దాని మీదుగా బెలూన్ గల గొట్టాన్ని పంపి, ఇరుకైన చోట బెలూన్‌ను ఉబ్బిస్తారు. పేరుకున్న పదార్థం పగిలి ప్రక్కకు ఒత్తుకుంటుంది, గోడ సాగుతుంది. అనగా దారి వెడల్పవుతుంది, వ్యాధి మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ చికిత్స గుండె కోసం పుట్టి కాలికి వచ్చిందని పలువురు అనుకుంటారు. నిజం దానికి విరుద్ధం. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏండ్ల వృద్ధురాలి తొడ ధమనిని లోపలి నుంచి గొట్టాలతో వెడల్పు చేశాడు. ఆమె బ్రతికినంతకాలం తన కాళ్ళమీదనే నడిచింది. ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ జూరిక్‌లో 1974లో కాలి ధమనిలో తన బెలూన్‌ను వాడి, 1977లో గుండె ధమనికి తీసుకువెళ్ళాడు.

మూడవది అన్నిటికంటె పెద్ద లోపం: గట్టు జడపదార్థం, ధమని గోడ సజీవం. బెలూన్ సాగదీసిన గోడ గాయపడి, మానే ప్రయత్నంలో లోపలి కణాలు పెరిగి దారిని మళ్ళీ సన్నబరుస్తాయి. స్టెంటు గోడను నిలబెట్టగలదు కాని ఈ పెరుగుదలను ఆపలేదు. దీనిని తగ్గించడానికి పాక్లిటాక్సెల్ అనే మందు పూసిన బెలూన్లు, స్టెంట్లు వచ్చాయి. వీటివల్ల మరణాలు పెరుగుతున్నాయేమోనని 2018 చివరలో ఒక విశ్లేషణ శంక రేపింది. మరింత సమాచారాన్ని పరిశీలించిన పిమ్మట అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆ శంకకు ఆధారం లేదన్నది.

గోడ సజీవమే కాదు, కాలు కదులుతుంది కూడా. మొవ్వకు చేరువనే ఉన్న కూచిపూడిలో నాట్యం నేర్చే పిల్లను అరమండిలో చూచినా, నాట్లు వేసే కూలీని చూచినా మోకాలు ఎంత వంగుతుందో తెలుస్తుంది. అక్కడి ధమని వంగుతుంది, మెలి తిరుగుతుంది, నొక్కుకుంటుంది. 1990వ దశకంలో హృద్రోగ వైద్యుడు బి. సోమరాజు, శాస్త్రజ్ఞుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం కృషితో హైదరాబాదులో తక్కువ ఖరీదు స్టెంటు తయారై తెలుగునాట స్టెంటు మాట ప్రచారంలోకి వచ్చింది. అది గుండె ధమనుల కోసం ఉద్దేశించినది. తొడలో సాధారణంగా వాడేవి నికెల్, టైటానియం మిశ్రలోహంతో చేసినవి. నొక్కి విడిచినా తిరిగి తమ ఆకారానికి వస్తాయి. అవి కూడా కొందరిలో విరిగినట్లు నమోదైనది. అందువల్ల మోకాలి వెనుక స్టెంటు పెట్టడానికి వైద్యులు వెనుకాడతారు.

ఒక్క విషయంలో మాత్రం కాలువ పోలిక చెప్పేవారు అనుకున్నదానికంటె నిజం. పైకాలువ బాగుచేసినా బోదెలు పూడి ఉంటే శివారుకు నీరు చేరదు. మధుమేహంలో అడ్డులు తరచు మోకాలి దిగువ సన్నని ధమనులలో ఉంటాయి. తొడలో దారి తెరచినంతనే పాదపు పుండు మానకపోవచ్చు.

కాలు పోయే స్థితిలో బెలూన్ మేలా, రోగి సిరనే తీసి అడ్డును దాటించే బైపాస్ మేలా అన్న ప్రశ్నకు కూడా ఒక్క జవాబు లేదు. 2022లో వెలువడిన బెస్ట్-సిఎల్‌ఐ పరీక్షలో, తగిన కాలిసిర గల 1,434 మందిలో కాలికి పెద్ద ఆపద గాని మరణం గాని బైపాస్ వర్గంలో 42.6 శాతానికి, ఆంజియోప్లాస్టీ వర్గంలో 57.4 శాతానికి సంభవించింది. 2023 నాటి బాసిల్-2లో మోకాలి దిగువ వ్యాధి గల 345 మందిని తీసుకున్నారు. ఆ కాలు తీసివేయడం గాని మరణం గాని బైపాస్ వర్గంలో 63 శాతం, రెండవ వర్గంలో 53 శాతం. రోగులు, వ్యాధి స్థానం, లెక్కించిన ఫలితం వేరైనప్పుడు తీర్పు కూడా వేరైనది.

నాలుగవ లోపం: ఏ కాలువా తనకు తాను ప్రక్క కాలువ త్రవ్వుకోదు. శరీరం ఆ పని చేస్తుంది. అడ్డుకు పైన ఉన్న చిన్న కొమ్మలు క్రమంగా వెడల్పై రక్తాన్ని దిగువకు చేరుస్తాయి. నడకతో కండరాలు కూడా ఉన్న రక్తాన్ని పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంటాయి. పొత్తికడుపు వద్ద ధమనులు ఇరుకైన 111 మందితో జరిపిన క్లెవర్ పరీక్షలో ఆరు నెలలకు నడవగల కాలం, శిక్షణతో నడిచినవారికి సగటున 5.8 నిమిషాలు, స్టెంటు పొందినవారికి 3.7 నిమిషాలు పెరిగింది. ఐతే తమ జీవనం మెరుగైనదన్న తృప్తి స్టెంటు వర్గంలోనే హెచ్చు. కావున నడకలో మాత్రమే నొప్పి ఉన్నవారికి మొదటి చికిత్స పొగాకు మానడం, క్రమబద్ధమైన నడక, మందులు. విశ్రాంతిలోనూ నొప్పి, మానని పుండు ఉన్నవారికి ఈ సలహా చెప్పి కాలయాపన చేయడం అంతే పొరపాటు. వారికి రక్తం త్వరగా చేరాలి.

కాలువ పోలికను పాఠం నుంచి తీసివేయనక్కరలేదు. దానితో మొదలుపెట్టి, ఎక్కడ తెగిపోతుందో పిల్లలచేతనే చెప్పించితే అది మరింత ఉపయోగపడుతుంది. కాలిలో మూసుకున్న ధమని ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా హెచ్చు. ఎందుకనగా వ్యాధి ఒక్క బోదెది కాదు, ధమనుల వ్యవస్థ అంతటిది. ఈ ఒక్క సంగతి గ్రహించిన విద్యార్థి ఇంట తాతగారి పాదాన్ని ఒకసారి పరికించి చూస్తాడు. మానని పుండు కనబడితే ఆస్పత్రికి తీసుకుపొమ్మని పెద్దలకు చెబుతాడు.