కరకట్ట పాట, వంత గొంతు

అమెరికా దక్షిణాదిన పత్తిచేల నల్లజాతి కూలీల నోట పుట్టిన బ్లూస్, చర్చీల్లోని గాస్పెల్ అనే భక్తిగీతాలు, కొండసీమల పేదల ఫిడేలు పాటలు మొదలైనవాటిని కలిపి రూట్స్ సంగీతమని వ్యవహరిస్తారు. రాక్ బృందాలు ఈ మూలాల నుంచి అందుకున్నది బాణీలనే అనుకోవడం పరిపాటే గాని, కొల్లేటి సీమ పాఠకుడికి ఇట్టే అందే ఒక పాట ఆ అభిప్రాయాన్ని సవరించుకోమంటుంది.

1927లో మిసిసిపీ నది కరకట్టలు తెగి లక్షలాది జనం నిలువనీడ కోల్పోగా, ఆ కట్టలను నిలబెట్టే చాకిరీకి నల్లజాతి కూలీలను బలవంతంగా దింపారు. ఆ వరద మీద కాన్సాస్ జో మెక్కాయ్, మెంఫిస్ మిన్నీ జంట 1929లో 'వెన్ ది లెవీ బ్రేక్స్' అనే పాటను రికార్డు చేసింది. అందులో ఉన్నవి రెండు గిటార్లు, మెక్కాయ్ గొంతు, అంతే. 1971లో అదే పాటను ఇంగ్లండుకు చెందిన లెడ్ జెపెలిన్ బృందం తీసుకుని, హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల కింద జాన్ బోనం డ్రమ్స్ వాయిస్తుండగా పైనుంచి మైకులు వేలాడదీసి ఆ మోతను పట్టింది. మొదటి రికార్డులో మాటలు చెప్పిన వరదను ఇక్కడ డ్రమ్స్ మోత వినిపిస్తుంది. బాణీ చాలావరకు మారిపోయినా నీటి బరువు మిగిలింది.

తమ్మిలేరు పొంగితే ఏలూరు, ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం చేలు, బుడమేరు దిగివస్తే కొల్లేటి లంకలు మునిగే ఈ సీమకు ఆ బరువు కొత్తది కాదు. పైగా 2006లో ఆపరేషన్ కొల్లేరు పేర చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే తెగ్గొట్టిన చరిత్ర కూడా దీనికి ఉంది. ఇటువంటి కథకు బుర్రకథ సిద్ధంగా ఉన్న రూపం: తంబురా పట్టిన కథకుడు చరణం అందుకుంటే, డక్కీలు వాయించే ఇద్దరు వంతలు తందాన అంటూ బదులిస్తారు, ఒకరు హాస్యమాడితే మరొకరు రాజకీయం ఎత్తుకుంటారు. బ్లూస్‌లో గాయకుడు ఒక పాదం పాడి ఆగినప్పుడు గిటారు పలికే జవాబు ఈ వంతకు దగ్గరి చుట్టమే.

హైదరాబాదు బృందం చౌరస్తా జమైకా రెగ్గే లయను తెలుగు పల్లెపాటతో కలిపి 'ఊరెళ్ళిపోత మామ'లో ఊరి బెంగను పలికించింది. అయితే గిటారు వంత పనిని పూర్తిగా తలకెత్తుకుని, పాడేవాడిని నిలదీసి ఎగతాళి చేసే స్థాయికి వెళ్ళినప్పుడే అటువంటి కలయిక మరింత లోతుకు దిగుతుంది.

ఇక మూలానికి పేరు దక్కే సంగతి: 'వెన్ ది లెవీ బ్రేక్స్'కు లెడ్ జెపెలిన్ తన నలుగురితో పాటు మెంఫిస్ మిన్నీని కూడా రచయితగా పేర్కొన్నది గాని, మొదట ఆ పాట పాడిన మెక్కాయ్ పేరు అందులో లేదు. తెలుగునాట 'జానపదం' అన్న ఒక్క మాట వేస్తే ఆ ఒక్క పేరు కూడా అక్కరలేకుండా పోతుంది.